తప్పులన్నీ ఒకే వైపు ఎందుకు పడతాయి?

ఓటీ తక్కువ పడిందని టైమాఫీసు కిటికీ దగ్గర నిలబడిన కార్మికుడికి ఈమధ్య దొరికే జవాబు ఒకటే: “నేను వేసింది కాదు బాబూ, ఎక్సెల్ వేసింది.” పేరోల్ పాఠాలు చెప్పేవాళ్లు, హెచ్‌ఆర్ కన్సల్టెంట్లు ఈ మాటనే కాస్త పెద్దరికంగా చెబుతారు. చేత్తో మస్టరు రాసే రోజుల్లో గుమాస్తా ఇష్టాయిష్టాలు లెక్కలోకి దూరేవట. ఇప్పుడు వేలిముద్ర మిషను టైము పట్టుకుంటుంది, షీటు కూడికలూ తీసివేతలూ చేసిపెడుతుంది, నడుమ మనిషి ప్రమేయమే లేదట. ఎక్కడన్నా పొరపాటు దొర్లినా ఒక నెల కంపెనీ వైపు, ఒక నెల కార్మికుడి వైపు పడుతుంది గనక ఏడాది తిరిగేసరికి చెల్లుకు చెల్లట.

వినడానికి బాగానే ఉంది. ఇందులో ఒక్క మాటా నిలబడదు. ముఖ్యంగా ఆ చివరిది. ఓటీ షీట్లలో దొర్లే పొరపాట్లను ఒక్కొక్కటే పట్టి చూస్తే, ఏళ్ల తరబడి పట్టుబడకుండా బతికేవి దాదాపు అన్నీ కార్మికుడి జేబుకే చిల్లు పెడతాయి. ఎవరో కూర్చుని కుట్ర పన్నారని నేననడం లేదు. కుట్ర అక్కర్లేకుండానే ఇది జరుగుతుంది. ఎలాగో చూద్దాం.

ముందుగా పేరోల్ తరగతుల్లో అందరూ చెప్పే రెండు తప్పులను పక్కన పెట్టేద్దాం. ఎక్సెల్ దృష్టిలో కాలానికి కొలత రోజు. ఒక రోజు అంటే దానికి 1, సాయంత్రం ఆరు అంటే 0.75, ఎనిమిది గంటల డ్యూటీ అంటే మూడో వంతు. కంటికి కనిపించే గంటలూ నిమిషాలూ ఆ అంకె మీద తొడిగిన ఫార్మాట్ మాత్రమే. అందుకే నెల మొత్తం ఓటీ 30 గంటలైతే లోపల 1.25 ఉంటుంది, మామూలు ఫార్మాట్‌లో ఆ గడి పూర్తి రోజును వదిలేసి 6:00 అని చూపిస్తుంది. ఫార్మాట్‌లో గంటల అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెడితే 30:00 కనబడుతుంది. రెండో తప్పు, ఆ 1.25ను 24తో గుణించకుండా నేరుగా రేటుతో గుణించడం. గంటకు 150 చొప్పున 4,500 రావాల్సిన మనిషికి 187 రూపాయల 50 పైసలు పడతాయి.

ఇవి పెద్ద తప్పులే గానీ ప్రమాదకరమైనవి కావు. 4,500 ఎక్కడ, 187 ఎక్కడ? ఆ నెల ఒకటో తారీఖునే గేటు దగ్గర గొడవవుతుంది, మర్నాటికి సరిచేస్తారు. గట్టిగా అరిచే తప్పు ఎక్కువ రోజులు బతకదు. మన కన్సల్టెంట్లు ఈ రెండూ నేర్పేసి, ఇక షీటు నిర్దోషి అని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. అసలు కథ చప్పుడు చెయ్యని తప్పులది.

నిమిషాలతో మొదలుపెడదాం. గంటా నలభై ఐదు నిమిషాల ఓటీని షీటులో 1.45 అని కొట్టే అలవాటు జీడిమెట్ల నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా ఎన్ని చిన్న యూనిట్లలో ఉందో ఆ షీట్లు చూసినవాళ్లకు తెలుసు. కీబోర్డు కుడివైపు అంకెల దగ్గర చుక్క ఉంటుంది, రెండు చుక్కల గుర్తు ఉండదు, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. ఎక్సెల్ దాన్ని దశాంశంగానే తీసుకుంటుంది. 45 నిమిషాలంటే గంటలో 0.75, షీటు ఇచ్చింది 0.45. రోజుకు గంటా నలభై ఐదు చొప్పున 20 రోజులు ఆగినవాడికి 35 గంటలు రావాలి, వచ్చేవి 29. ఆరు గంటలు మాయం. ఏ గడిలోనూ ఎర్ర గుర్తు పడదు, ఏ ఫార్ములా విరగదు.

ఇప్పుడు చెల్లుకు చెల్లు వాదన తెచ్చి దీని పక్కన పెట్టండి. ఒకటి నుంచి 59 దాకా ఏ నిమిషాల అంకెనైనా తీసుకోండి. వందతో భాగిస్తే వచ్చేది, అరవైతో భాగిస్తే వచ్చేదానికంటే ఎప్పుడూ తక్కువే. ఒక్కసారి కూడా ఎక్కువ రాదు. మరి రెండో వైపు పడే పొరపాటు ఏ నెలలో పడుతుందో?

ఆలస్యంగా వచ్చినప్పుడు కోతలో కూడా ఇదే దశాంశం పడుతుంది, అప్పుడు లాభం కార్మికుడిదే కదా అని ఒక తెలివైన ప్రశ్న రావచ్చు. వచ్చేదే, ఆలస్యాన్ని నిమిషాల్లో లెక్కగడితే. కానీ ఆలస్యానికి నిమిషాల లెక్క ఎక్కడుంది? పది నిమిషాలు దాటితే అరగంట, అరగంట దాటితే అరపూట. అదే షీటులో ఓటీ కాలమ్ మాత్రం కింది అరగంటకు దించి లెక్కేస్తుంది. 25 నిమిషాలు ఎక్కువ ఆగితే సున్నా, 55 నిమిషాలు ఆగితే అరగంట. రోజూ 25 నిమిషాలు ఆగే మనిషి 26 రోజుల్లో వదులుకునేది 10 గంటల 50 నిమిషాలు. ఐదున్నరకే వచ్చి మిషను దగ్గర వేలు పెట్టినా షీటు అతన్ని ఆరింటికే లోపలికి రానిస్తుంది. ఆరూ ఐదుకు వస్తే మాత్రం ఆరూ ఐదే. ముందు వచ్చింది చెల్లదు, వెనక వచ్చింది చెల్లుతుంది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే గైర్హాజరు కోత అనేది గైర్హాజరైన కాలానికి అనులోమంగానే ఉండాలని తొమ్మిదో సెక్షన్‌లో కట్టడి చేసింది. పదకొండు నిమిషాలకు అరగంట కోసే ఫార్ములా రాసింది ఎక్సెల్ కాదు. ఒక మనిషి కూర్చుని రాశాడు, ఇంకో మనిషి ఒప్పుకున్నాడు.

ఇంతకంటే నిశ్శబ్దమైనది ఇంకొకటుంది. బయోమెట్రిక్ మిషను నుంచి దించిన ఫైల్లో టైములు కొన్నిసార్లు అంకెలుగా కాక అక్షరాలుగా వస్తాయి. చూపుకు తేడా తెలియదు. గుర్తుపట్టే ఆనవాలు ఒకటే, అంకెలు గడికి కుడివైపు అంటుకుంటాయి, ఇవి ఎడమవైపు అంటుకుంటాయి. సమ్ ఫార్ములాను ఆ వరస మొత్తం మీద వేస్తే అక్షరాలున్న గడులను అది వదిలేసి మిగతావి కూడుతుంది. తప్పు అని చెప్పదు, హెచ్చరిక ఇవ్వదు. వదిలేసిన రోజు మొత్తాన్ని తగ్గిస్తుందే తప్ప పెంచదు.

ఇక రాత్రి షిఫ్టు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఫార్మా, కెమికల్, స్పిన్నింగ్ ఏదైనా సరే, సి షిఫ్టు నడిచే చోటే ఓటీ ఎక్కువ, ఓటీ మీద గొడవలూ ఎక్కువే.

సి షిఫ్టు మనిషి రాత్రి పదింటికి వచ్చి పొద్దున ఆరింటికి వెళతాడు. వెళ్లిన టైములోంచి వచ్చిన టైము తీసేస్తే షీటుకు వచ్చేది మైనస్ 16 గంటలు. గూగుల్ షీట్స్ ఆ మైనస్‌ను చూపిస్తుంది. ఎక్సెల్ మామూలు సెట్టింగులో మైనస్ టైమును చూపలేదు, గడి నిండా హ్యాష్ గుర్తులు నింపుతుంది. గుమాస్తా కాలమ్ వెడల్పు చాల్లేదనుకుని గీత పట్టుకు లాగుతాడు. లాగినకొద్దీ ఇంకో నాలుగు గుర్తులు పెరుగుతాయే తప్ప టైము కనబడదు. నెలాఖరు. సాయంత్రానికి జీతాల ఫైలు బ్యాంకుకు పోవాలి. ఆ గడిలో ఎనిమిది అని చేత్తో కొట్టి, మూల పట్టుకుని కిందికి లాగేస్తాడు. సి షిఫ్టులో ఉన్నవాళ్లందరికీ ఎనిమిది. రిలీవర్ రాక పదకొండు గంటలు నిలబడ్డవాడికీ ఎనిమిదే. నడుమ మనిషి లేడన్నారు, ఇదిగో మనిషి. అతన్ని నేను తప్పుపట్టను. ఆ గడికి మందేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. తేడాను ఒకటితో భాగించి శేషం తీసే మాడ్ ఫంక్షన్ పెడితే మైనస్ పదహారు కాస్తా ఎనిమిది గంటలవుతుంది. పదకొండు నిలబడితే పదకొండు.

కొంచెం తెలిసినవాళ్లు ఇంకో దారి పడతారు. అర్ధరాత్రి దగ్గర షిఫ్టును రెండుగా కోసి, పన్నెండు లోపు గంటలు ఒక తేదీకి, ఆ తర్వాతవి మరుసటి తేదీకి వేస్తారు. తేదీవారీగా తీసే రిపోర్టుకు అది సుళువు. చూడ్డానికి శాస్త్రీయంగానూ ఉంటుంది. దాని ఫలితం చూడండి. ఒకాయన రాత్రి పదింటికి ఎక్కి పొద్దున తొమ్మిదింటికి దిగాడు. అరగంట విరామం పోను పదిన్నర గంటల పని. రోజుకు తొమ్మిది గంటలు దాటితే ఓటీ అన్న 1948 ఫ్యాక్టరీల చట్టం లెక్కలో గంటన్నర ఓటీ రావాలి. అర్ధరాత్రి కోతతో మొదటి తేదీకి రెండు గంటలు, రెండో తేదీకి ఎనిమిదిన్నర పడతాయి. రెండూ తొమ్మిది లోపే. ఓటీ సున్నా. పైగా షీటులో ప్రతి అంకె నిజమే, ప్రతి కూడికా సరైనదే.

ఇది చట్టం ఊహించని చిక్కు అనుకుంటే పొరపాటు. ఎక్సెల్ పుట్టడానికి 37 ఏళ్ల ముందే ఆ చట్టం 57వ సెక్షన్‌లో దీనికి జవాబు రాసిపెట్టింది: అర్ధరాత్రి దాటే షిఫ్టులో పన్నెండు తర్వాత చేసిన గంటలు ముందు రోజు ఖాతాలోకే వెళతాయి. అంటే ఓటీ లెక్కకు రోజు అన్నది కేలండర్ తేదీ కాదు, షిఫ్టుతో పుట్టి షిఫ్టును బట్టి సాగేది. చట్టం ఇంత స్పష్టంగా చెప్పాక తేదీవారీగా కోసే షీటును ‘యంత్రం చేసిన లెక్క’ అనడం ఏం న్యాయం?

వారం లెక్కలోనూ ఇదే తంతు. 59వ సెక్షన్ రోజుకు తొమ్మిది గంటలు లేదా వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు అంది. ఆ ‘లేదా’ను చాలా షీట్లు మింగేస్తాయి. ఉన్నది వారం కూడిక ఒక్కటే, అందులోంచి 48 తీసివేత, మైనస్ వస్తే సున్నా. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు పదకొండు గంటలు చేసి, శుక్ర, శనివారాలు జ్వరంతో పడుకున్న మనిషిని ఈ షీటులో వేసి చూడండి. మొత్తం 44. ఓటీ లేదు సరికదా నాలుగు గంటలు తక్కువ చేసినట్టు కనబడతాడు. రోజువారీగా చూస్తే అతనికి ఎనిమిది గంటల ఓటీ ఉంది. ఇంకో యూనిట్లో దీనికి తలకిందులు: రోజు లెక్క ఒక్కటే వేస్తారు. అక్కడ రోజుకు తొమ్మిది చొప్పున ఆరు రోజులు చేసినవాడికి వారంలో ఆరు గంటల ఓటీ రావాలి, షీటు సున్నా వేస్తుంది.

సరైన లెక్క కష్టమేమీ కాదు. రోజువారీ అదనపు గంటలన్నీ కూడండి, వారం మొత్తంలోంచి 48 తీసేయండి, రెంటిలో ఏది ఎక్కువైతే అది ఓటీ. రోజు లెక్కలో ఒకసారి వచ్చిన గంటను వారం లెక్కలో మళ్లీ లెక్కించే ప్రమాదం కూడా ఇందులో ఉండదు. ఒక్క మ్యాక్స్ ఫార్ములా. ఒకే గంటకు రెండుసార్లు ఇవ్వాలా అని యాజమాన్యాల తరఫున మాట్లాడేవాళ్లు అడుగుతుంటారు. అక్కర్లేదు, ఎవరూ అడగడం లేదు. ఒకసారైనా ఇవ్వండి చాలు.

నెల మొదటి తేదీన షీటు మొదలై చివరి తేదీన ముగుస్తుంది. వారం అలా ముగియదు. ఫ్యాక్టరీల చట్టం ప్రకారం వారం శనివారం అర్ధరాత్రి మొదలయ్యేది, చీఫ్ ఇన్‌స్పెక్టరు ఇంకో రాత్రికి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. 2025 జులై చివరి వారాన్నే తీసుకోండి. 27వ తేదీ ఆదివారం సెలవు. 28 నుంచి 31 దాకా నాలుగు రోజులు, తొమ్మిదేసి గంటలు, 36. ఆగస్టు 1, 2 తేదీలు శుక్ర, శనివారాలు, 18 గంటలు. వారం మొత్తం 54, ఓటీ ఆరు. జులై షీటులో 36 ఉంది, 48 దాటలేదు. ఆగస్టు షీటులో 18 ఉంది, 48 దాటలేదు. ఆ ఆరు గంటలు రెండు ఫైళ్ల మధ్య సందులో పడిపోయాయి. ఏ నెల షీటు తెరిచి చూసినా తప్పు దొరకదు. తప్పు ఏ షీటులోనూ లేదు, రెండు షీట్లు ఒకదాన్నొకటి చూసుకోకపోవడంలో ఉంది.

2025లో శనివారంతో ముగిసిన నెల మే ఒక్కటే. ఆగస్టు, నవంబరు ఆదివారంతో ముగిశాయి గనక ఆదివారం సెలవున్న చోట నష్టం లేదు. మిగతా తొమ్మిది నెలల చివరా పని రోజులున్న వారం రెండు ముక్కలైంది. తొమ్మిదిసార్లు ఆరేసి గంటలు, 54. ఏడాదిలో ఒక వారం పైగా పని, రెట్టింపు రేటు పడాల్సినది, ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియకుండా పోయింది. జీతాల నెల 21 నుంచి 20 దాకా పెట్టుకున్నవాళ్లకు కోత స్థలం మారుతుందే గానీ కోత ఆగదు.

గంటలు ఇలా ఉంటే రేటు సంగతి మరీ విడ్డూరం. నెలకు 15,600 జీతం తీసుకునే మనిషి అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 600, గంటకు 75. రెట్టింపు 150. కనీస వేతనాల నోటిఫికేషన్లలో నెల వేతనాన్ని 26తో భాగించి రోజు కూలి తీయడమే వాడుక, గ్రాట్యుటీ లెక్కలోనూ 26 ఉంది. ఇప్పుడు షీటులో ఏముంటుందో చూడండి. జీతంలో బేసిక్ 9,360 మాత్రమే పట్టుకుంటారు. దాన్ని 30తో భాగిస్తారు. రోజుకు 312, గంటకు 39, రెట్టింపు 78. పే స్లిప్పు మీద ‘డబుల్ ఓటీ’ అని అచ్చవుతుంది. ఆ మనిషి మామూలు గంట విలువ 75, డబుల్ ఓటీ గంట విలువ 78. మూడు రూపాయల కోసం అతను రాత్రి ఇంటికి పోకుండా ఆగాడన్నమాట. 59వ సెక్షన్ మామూలు వేతన రేటు అంటే బేసిక్‌తో పాటు కార్మికుడికి అప్పటికి రావాల్సిన అలవెన్సులు కలిపి అని రాసింది. బోనసు, ఓటీ డబ్బులు మాత్రమే అందులో కలవవు.

ఇక్కడొక పాత సంగతి గుర్తు చెయ్యాలి. కొవిడ్ వేళ, 2020 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటల పనికి నోటిఫికేషన్ ఇస్తూ, అదనపు గంటలకు రెట్టింపు అక్కర్లేదు, మామూలు రేటు చాలంది. గుజరాత్ మజ్దూర్ సభ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది అక్టోబరు 1న జస్టిస్ చంద్రచూడ్ ఉన్న ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ నోటిఫికేషన్లను కొట్టేసి, చేసిన ఓటీకి చట్టప్రకారం డబ్బు ఇవ్వమంది. ఒక రాష్ట్ర ప్రభుత్వం గెజిట్ వేసి, కోర్టు దాకా పోయి సాధించలేనిదాన్ని మన షీటులో 30తో వేసిన ఒక భాగహారం చప్పుడు లేకుండా సాధించేస్తోంది.

సరే, ఇన్ని తప్పులూ ఒకే వైపు ఎందుకు? కిరాణా కొట్టు త్రాసు చూడండి. ఎక్కువ తూగడం మొదలైతే షావుకారు ఆ సాయంత్రానికే పట్టుకుంటాడు, సరుకుకూ డబ్బుకూ పొంతన కుదరదు కాబట్టి. తక్కువ తూగితే అతనికి తెలిసే అవసరమే రాదు, కొనుక్కున్నవాళ్లకు ఇంట్లో త్రాసు ఉండదు. ఓటీ షీటుకూ అంతే. ఎవడో బయటికి వెళ్లేటప్పుడు వేలు పెట్టడం మర్చిపోయి 23 గంటల డ్యూటీ పడిందనుకోండి, భోజన విరామం తీసెయ్యకుండా వదిలేసిందనుకోండి, ఆ నెలే అకౌంట్సు నుంచి ఫోనొస్తుంది: ఈ నెల ఓటీ బిల్లు ఎందుకింత పెరిగింది? షీటు మొత్తం జల్లెడ పడతారు, తప్పు తీసేస్తారు, మళ్లీ రాకుండా ఒక ఫార్ములా చేరుస్తారు. ఓటీ బిల్లు తగ్గితే ఏ ఫోనూ రాదు. పైగా బడ్జెట్ అదుపులో ఉందని మీటింగులో ఒక మెచ్చుకోలు. ఇలా అయిదారేళ్లు గడిచేసరికి కంపెనీకి నష్టం చేసే తప్పులన్నీ ఏరివేతలో పోతాయి, కార్మికుడికి నష్టం చేసేవి మాత్రం ఫైలు నుంచి ఫైలుకు కాపీ అవుతూ ఉంటాయి. పాత నెల షీటును సేవ్ యాజ్ చేసి కొత్త నెల షీటు తయారుచేసే పద్ధతిలో ఇంతకంటే వేరే ఫలితం రాదు. చెల్లుకు చెల్లు కావాలంటే రెండు వైపులా సరిచూసేవాళ్లు ఉండాలి.

ఫార్ములా అబద్ధమాడదు అన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. అబద్ధమాడదు, నిజమే, ఇచ్చిన హద్దుల్లోపల మాత్రమే. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ 2010లో ప్రభుత్వ అప్పుకూ అభివృద్ధికీ ఉన్న సంబంధం మీద ఒక పత్రం రాశారు. పొదుపు విధానాలను సమర్థించే నాయకులు దాన్ని చాలాచోట్ల ఉదాహరించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో చదువుకుంటున్న థామస్ హెర్న్‌డన్ వాళ్ల ఎక్సెల్ ఫైలు తెప్పించుకుని చూస్తే, సగటు ఫార్ములా అన్ని వరసలనూ పట్టుకోలేదు. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోంచి జారిపోయాయి. మన టైమాఫీసులో నెల మధ్యలో చేరిన కాంట్రాక్టు మనుషుల పేర్లను షీటు అడుగున రాసి, పైన ఉన్న మొత్తాల ఫార్ములాను సాగదీయడం మర్చిపోయినప్పుడు అచ్చంగా జరిగేది అదే. అయితే ఆ ఉదంతంలో నాకు ముఖ్యమైనది తప్పు కాదు. అది ఎలా బయటపడిందన్నది. రాసినవాళ్లు అడిగిన కుర్రవాడికి ఫైలు ఇచ్చారు. మన ఫ్యాక్టరీలో కార్మికుడు తన వరస చూపించమంటే ఏ టైమాఫీసు చూపిస్తుంది?

కాబట్టి నా పేచీ ఎక్సెల్‌తో కాదు. రబ్బరుతో చెరిపి దిద్దిన మస్టరు కంటే షీటు వంద రెట్లు నయం, ఎందుకంటే ఏ గడి మీద నొక్కినా దాని వెనక ఏం లెక్క ఉందో కనబడుతుంది. ఈ చిక్కులకు విరుగుడు ఖరీదైన పేరోల్ సాఫ్ట్‌వేరు కొనడమే అనేవాళ్లది మరో భ్రమ. అందులోనూ అర్ధరాత్రి దగ్గర కొయ్యాలా వద్దా, కింది అరగంటకు దించాలా, 26తోనా 30తోనా అన్నది ఎవరో ఒకరు సెట్టింగుల్లో నిర్ణయించినదే. తేడా ఏమిటంటే షీటులో ఆ నిర్ణయం గడి మీద నొక్కితే తెలుస్తుంది, సాఫ్ట్‌వేరులో అడ్మిన్ పాస్‌వర్డ్ వెనక ఉంటుంది. కాంట్రాక్టు లేబరు విషయంలో ఇంకా హీనం. కాంట్రాక్టరు షీటు ఒకటి, సెక్యూరిటీ గేటు రిజిస్టరు ఇంకొకటి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఎవరిదని అడిగితే అందరూ పక్కవాణ్ణి చూపిస్తారు. కాంట్రాక్టరు ఎగ్గొడితే వేతనం చెల్లించాల్సింది ప్రిన్సిపల్ ఎంప్లాయరేనని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం ఏనాడో చెప్పింది.

చివరగా వినిపించే వాదన: ఇదంతా పాత చట్టం గొడవ, 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక దీనికి కాలం చెల్లింది. కాలం చెల్లింది షీట్లకు. కోడ్ ప్రకారం రోజు పని ఎనిమిది గంటలు, ఓటీకి రెట్టింపు అలాగే ఉంది. వేతనం అన్నదానికి నిర్వచనం మారి, మినహాయించే అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే దాటినంత మళ్లీ వేతనంలోకి వస్తుంది. బేసిక్‌ను కుదించి ఓటీ రేటు తగ్గించే పాత కిటుకుకు ఇది నేరుగా తగిలే దెబ్బ. అంతకు ముందే 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజు పరిమితిని పది గంటలు చేసింది, వారానికి 48 అలాగే ఉంచింది. ఇన్ని మార్పుల నడుమ తొమ్మిది అన్న అంకె ఇంకా ఫార్ములా కడుపులో కూర్చుని ఉంటే, ఆ షీటు ఏ సంస్థకు, ఏ తేదీన, ఏ చట్టం ప్రకారం లెక్కేస్తోందో చెప్పగలిగేది ఎవరు? పరిమితి గంటలు, భాగహారపు రోజులు, వేతనంలో కలిసే పద్దులు షీటు తలమీద విడిగా గడుల్లో, అమలు తేదీతో సహా కనబడాలి. ఫార్ములా అక్కడి నుంచి తీసుకోవాలి.

“తప్పుంటే మీరే చూపించండి” అని సవాలు చేసేవాళ్లకు ఒక సంగతి తెలిసినట్టు లేదు. వేతనాల కోడ్ 59వ సెక్షన్ ప్రకారం, వేతనం ఇవ్వలేదనో తక్కువ ఇచ్చారనో కార్మికుడు క్లెయిము వేస్తే, ఇచ్చామని రుజువు చేసుకోవాల్సిన భారం యజమానిది. క్లెయిము వేయడానికి గడువు మూడేళ్లు. అంటే ముప్పై ఆరు నెలల షీట్లు, వాటి వెనక పంచ్ డేటా, ప్రతి సి షిఫ్టు వరసా అధికారి ముందు తెరిచి, ఈ గడిలో ఎనిమిది ఎవరు కొట్టారో, ఈ 30 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాల్సింది టైమాఫీసే. అప్పుడు ఎక్సెల్‌ను సాక్షిగా పిలవడం కుదరదు.